ఆరో బటన్

"మా అత్త నూట డెబ్బై కిలోలని చెప్పింది మీరేనా?"

ఆ అమ్మాయి నాతో అన్న మొట్టమొదటి మాట ఇది. ప్రేమకథలు ఇంతకన్నా అందంగా మొదలవుతాయని నాకూ తెలుసు. ఒకరి పుస్తకాలు కిందపడితే ఇంకొకరు ఏరిపెట్టడం, ఒకే గొడుగు కింద ఇద్దరు ఇరుక్కోవడం, అలాంటివి. నాకు రాసిపెట్టింది మాత్రం నూట డెబ్బై కిలోలు.

"నేను చెప్పలేదండీ. మెషీన్ చెప్పింది."

"మెషీన్ పక్కన నవ్వుతూ నిలబడింది ఎవరు?"

"నేనే. నవ్వడం నా ఉద్యోగమండీ."

నిజంగానే ఉద్యోగం. అంతరిక్ష విజ్ఞాన కేంద్రంలో గైడ్‌ని నేను. నీలం చొక్కా, మెడలో కార్డు, పొద్దున్న తగిలించుకుంటే సాయంత్రం దాకా తీయకూడని నవ్వు. ఆ నవ్వుతోనే ఆమెని చూశాను. వానకి తడిసిన జుట్టు, మడమల దాకా బురద, కళ్లనిండా కోపం. నా గుండె ఒక్కసారి గతుక్కుమంది. అప్పుడది భయమే అనుకున్నాను.

ఆమె వెనక బల్ల మీద ఒక పెద్దావిడ కూలబడి ఉంది. పక్కన ఒకాయన మా కేంద్రం కరపత్రంతోనే ఆవిడకి విసురుతూ, "నేను ముందునుంచీ అంటూనే ఉన్నాను" అని ఓదారుస్తున్నాడు.

"ఆర్నెల్లుగా రాత్రిపూట భోజనం మానేసిందండీ," అంది అమ్మాయి గొంతు తగ్గించి. "ఇప్పుడు మీ మెషీన్ ఎక్కి దిగింది, ఇక లేవనంటోంది. ఏం చేస్తారో మీ ఇష్టం."

వెళ్లి చూశాను. ఏ గ్రహం మీద ఎంత బరువు ఉంటామో చూపించే మెషీన్ అది. పొద్దున్న తుడుస్తూ నేనే మీటని గురుగ్రహం మీద వదిలేశాను.

"ఇది గురుగ్రహం లెక్కండీ! అక్కడ ఎవరైనా అంతే. మీరెక్కినా నూట ముప్పై దాటేస్తారు."

"నా సంగతి ఎత్తకండి."

మీట చంద్రుడి మీదకి తిప్పి, అత్తగారిని బతిమాలి మళ్లీ ఎక్కించాను. పన్నెండు కిలోలు. ఆవిడ మొహం విచ్చుకుంది. "వదినా, పన్నెండు! అన్నయ్యా, ఇలా వచ్చి చూడు, పన్నెండే!" అని హాలంతా వినపడేలా కేకలు పెట్టింది. అంతా వచ్చి చూశారు. ఆవిడ మాత్రం దిగలేదు. వెనక క్యూ పెరుగుతోంది, ఆవిడ రెండు చేతులా కమ్మీ పట్టుకుంది.

"ఇప్పుడు దిగనంటున్నారండీ," అన్నాను.

"చూశారా, మీరేం చేసినా మా ప్రాణం మీదికే వస్తుంది." ఈసారి కోపంగా అనలేదు. పెదవి చివర చిన్న నవ్వు కూడా ఉంది. నేను ఉద్యోగం కోసం నవ్వే నవ్వు మధ్యలో ఆగిపోయి, సొంత నవ్వు వచ్చింది.

అత్తగారిని దింపడానికి ఎర కావాలి. మా కేంద్రంలో అన్నిటికన్నా పెద్ద ఆకర్షణ 'తిరుగు ప్రయాణం'. మనిషికి రెండింతల ఎత్తున్న గుండ్రటి క్యాప్సూల్. లోపల ఆరు సీట్లు, ఒక్కో సీటు ముందు ఒక్కో బటన్. అంతరిక్షం నుంచి భూమికి దిగుతున్నట్టు కుర్చీలు ఊగుతాయి, కిటికీలో మంటలు కనిపిస్తాయి. చివర్లో స్క్రీన్ మీద 'ఇప్పుడు' అని పడగానే ఆరుగురూ ఒకేసారి బటన్ నొక్కాలి. నొక్కితే పారాచూట్ విచ్చుకుంటుంది, నేలకి దిగుతాం, తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. ఒక్కరు తప్పినా ఇంకో చుట్టు తిరగాల్సిందే. మామూలు కుటుంబాలు రెండో చుట్టులో దిగిపోతాయి.

"మీరు సరిగ్గా ఆరుగురున్నారు," అన్నాను.

ఆరుగురూ ఒకేసారి, "కెప్టెన్ సీటు నాది," అన్నారు. కాదు, ఐదుగురన్నారు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు.

పావుగంట వాదించుకున్నారు. తను వాచీలు బాగుచేస్తాడు కాబట్టి మెషీన్ల సంగతి తనకే తెలుసన్నాడు వాళ్ల నాన్న. స్కూల్లో వ్యాయామం టీచర్‌గా అయిదొందల మందిని నడిపిస్తున్నానంది వాళ్లమ్మ, మెడలో ఈలతో సహా. ఇందాక కరపత్రంతో విసిరినాయన వాళ్ల మేనమామ, బస్ కండక్టర్‌గా రిటైరయ్యాడు. ఏ బండైనా తను 'రైట్' అంటేనే కదులుతుందన్నాడు. అత్తగారు తను అందరికన్నా తేలికంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న నానమ్మ, పెద్దదాన్ని నేనుండగా వీళ్లెవరంది. చివరికి ఎవరికీ రాజీ కుదరక, పోటీలో లేని అమ్మాయిని అందులో కూర్చోబెట్టేశారు.

కెప్టెన్ సీటుకి హెడ్‌ఫోన్ ఉంటుంది. కంట్రోల్ రూమ్‌లో నేను మాట్లాడేది ఆ ఒక్క మనిషికే వినపడుతుంది.

తలుపు మూసి, నా గాజు గదిలో మైకు ముందు కూర్చున్నాను. "కెప్టెన్ గారూ, వినపడుతోందా?"

"వినపడుతోంది. మీ గొంతు చెవిలో బావుంది. బయట ఇంత బాలేదు."

నాకేం తోచక మంటలు రెండు నిమిషాలు ముందే మొదలుపెట్టేశాను.

మొదటి చుట్టులో అమ్మ ఈల ఊదింది. నాన్న "ఒకటి, రెండు, మూడు" లెక్కపెట్టాడు. అమ్మ 'మూడు' అన్నప్పుడు నొక్కింది. నాన్న 'మూడు' అయిపోయాక నొక్కాడు. మామయ్య "రైట్ రైట్" అని తనే అనుకుని, రెండో 'రైట్'కి నొక్కాడు. అత్త మొదటినుంచీ నొక్కిపెట్టే ఉంచింది. నానమ్మ, "ఏదీ, ఎప్పుడూ?" అంది. పారాచూట్ రాలేదు.

రెండో చుట్టులో, 'మూడు' అంటూ నొక్కాలా, అన్నాక నొక్కాలా అనే విషయం మీద చర్చ జరిగింది. చర్చలో ఉండగానే 'ఇప్పుడు' వచ్చి వెళ్లిపోయింది. మూడో చుట్టులో అమ్మ ఈల లాక్కోవాలని మామయ్య ప్రయత్నించాడు. నాలుగో చుట్టు సంగతి చెప్పకపోవడమే మంచిది.

"మీవాళ్లు ఎప్పుడైనా ఒక పని కలిసి చేశారా?" అని హెడ్‌ఫోన్‌లో అడిగాను.

వెనక అంతా అరుచుకుంటున్నారు కాబట్టి ఆమె తీరిగ్గా చెప్పింది. వాళ్లింట్లో ఏది చేయాలన్నా అందరూ చెయ్యెత్తాలట. తాతగారి కాలం నాటి పద్ధతి. ఒక్క చెయ్యి లేవకపోయినా ఆ పని జరగదు. అందుకని హాల్లో నాలుగు గోడలకీ ఎవరికి నచ్చిన రంగు వాళ్లు కొంచెం కొంచెం పూసి వదిలేశారు. సోఫా ఏ గోడవైపు వేయాలో తేలక మూడేళ్లుగా గుమ్మంలోనే ఉంది, దాన్ని ఎక్కి దిగితే గానీ ఇంట్లోకి వెళ్లలేరు. కుక్కకి అయిదు పేర్లున్నాయి, దేనికీ పలకదు.

"మరి ఇవాళ ఇక్కడికి రావాలని ఎలా తేల్చారు?"

"ఎవరు తేల్చారు? బీచ్‌కా, పార్కుకా అని రోడ్డు పక్కన కారాపి వాదించుకుంటున్నాం. ఇంతలో వాన. అద్దం దించి ఉంది, పైకి రాదు. ఎదురుగా మీ కప్పు కనిపిస్తే పరిగెత్తుకొచ్చాం. వానేమీ మా ఇంటి మనిషి కాదు కదా, ఎవరినీ అడక్కుండా వచ్చేసింది."

నవ్వాను. ఆమె నవ్వలేదు.

"సాయంత్రం మాత్రం ఒకటి తేలిపోతుంది," అంది. "నాకు ఒక సంబంధం వచ్చింది. కళ్ల డాక్టర్. మా చరిత్రలో మొదటిసారి నాలుగు చేతులు లేచాయి. మామయ్యకి కళ్లజోడు ఊరికే ఇచ్చాడు. అత్తని చూసి సన్నబడ్డారన్నాడు. టైముకి వచ్చాడని నాన్నకి, నిటారుగా కూర్చున్నాడని అమ్మకి నచ్చాడు. నానమ్మ ఒక్కతే ఆగింది. ఆయన దగ్గర ఒక కంటికే ఆపరేషన్ అయింది, రెండోదీ అయ్యాక చెప్తానంది. పోయిన వారం అయిపోయింది. సాయంత్రం ఆయన ఫోన్ చేస్తాడు, నానమ్మ చెయ్యెత్తుతుంది."

"మరి మీ చెయ్యి?"

"నాది లెక్కలోకి రాదండీ. చిన్నదాన్ని."

"మీకెన్నేళ్లు?"

"ఇరవై ఏడు. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పిస్తాను. ఇంట్లో మాత్రం చిన్నదాన్నే."

నాకు ఆ కళ్ల డాక్టర్ మీద ఒళ్లు మండిపోయింది. మనిషిని చూడలేదు, ఊరూ పేరూ తెలీదు. ఆయన నాకేం అన్యాయం చేశాడంటే చెప్పలేను. అప్పుడు అర్థమైంది, ఇందాక గుండె గతుక్కుమన్నది భయంతో కాదని.

"మీకు ఇష్టమేనా?" అని అడిగాను.

జవాబు రాలేదు. కిటికీలో మంటలు వచ్చాయి. అయిదో చుట్టు కూడా పోయింది.

మెడలో కార్డుతోపాటు నాకొక తాళంచెవి ఉంటుంది. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే బయటినుంచి తలుపు తెరవడానికి. అది చేతిలోకి తీసుకున్నాను.

"కెప్టెన్ గారూ, తెరిచేయమంటారా? తాళంచెవి నా దగ్గరే ఉంది."

"తెరిస్తే?"

"మీరు వెళ్లిపోవచ్చు."

"అదేగా," అంది మెల్లిగా. "ఇంకో చుట్టు తిప్పండి."

ఆమె అలా అన్నందుకు నాకెంత సంతోషమేసిందో, పైకి చెప్పుకుంటే సిగ్గుచేటు. తాళంచెవి చొక్కా లోపలికి దోపేసుకున్నాను.

ఈలోగా నేను ఒక సంగతి మరిచిపోయాను. లోపల జరిగేది క్యూలో నిలబడ్డవాళ్లకి కనపడాలని హాల్లో పెద్ద స్క్రీన్ పెట్టాం, మాటలతో సహా. గాజులోంచి చూస్తే హాలంతా నేల మీద చతికిలబడి ఉంది. ఎవరూ విసుక్కోవడం లేదు. కొందరు చిప్స్ పొట్లాలు తెచ్చుకున్నారు. మా మేనేజర్ కుర్చీ వేయించుకుని మొదటి వరసలో కూర్చున్నాడు.

ఆరో చుట్టు. వాళ్లు ఎప్పుడు ఎలా రాజీపడ్డారో తెలీదు, ఆకలి మీదున్నారేమో. 'మూడు' అంటూనే నొక్కాలని తేలింది. అమ్మ ఈల ఊదుతుంది, నాన్న లెక్కపెడతాడు, మామయ్య నోరు మూసుకుంటాడు. అత్త చెయ్యి నాన్న ఒక చేత్తో పట్టుకున్నాడు. నానమ్మ వేలు అమ్మ పట్టుకుంది.

'ఇప్పుడు' అని పడింది. నా ముందు బల్ల మీద ఒకదాని తర్వాత ఒకటి కాదు, ఒకేసారి అయిదు పచ్చ దీపాలు వెలిగాయి. హాల్లో జనం లేచి నిలబడ్డారు.

ఆరో దీపం వెలగలేదు.

లోపల అయిదు తలలూ కెప్టెన్ సీటు వైపు తిరిగాయి. ఆమె చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి.

"చెయ్యి జారిందా అమ్మా?" అన్నాడు నాన్న.

"లేదు. నేనే నొక్కలేదు."

"ఎందుకే?" అంది అమ్మ. ఈల నోట్లోనే ఉండిపోవడంతో ఆ మాట కూతలా వచ్చింది.

"నా చెయ్యి లేక ఆగిపోయిన పని ఇదొక్కటే నాన్నా. ఎలా ఉంటుందో ఒకసారి చూద్దామనిపించింది."

"ఇదేం ఆటే," అన్నాడు మామయ్య. "నా మోకాళ్లు పట్టేశాయి."

"రోజూ ముక్కూ మొహం తెలీనివాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ట్రాఫిక్‌లోకి వెళ్తాను మామయ్యా. వాళ్లు తప్పు చేస్తే బ్రేకు నేను వేయాలి. మా స్కూల్లో నన్నడక్కుండా ఏదీ చేయరు. ఇంట్లో గోడకి రంగు కూడా నన్నడగలేదు. సరే, గోడే కదా అనుకున్నాను. ఇప్పుడు నా పెళ్లికి కూడా మీ అయిదు చేతులే లెక్కపెడుతున్నారు."

"డాక్టర్ మంచివాడే కదే," అంది అత్త.

"మంచివాడే అత్తా. నాకు నచ్చలేదు. మనింట్లో గంటసేపు కూర్చున్నాడు. నాతో అన్నది ఒకే ఒక్క మాట. 'మీ కళ్లకేం లేదు, ఆర్నెల్లకోసారి చూపించుకోండి' అన్నాడు. ఆయన్ని చేసుకోవడం నాకు ఇష్టం లేదు. మీరందరూ చేతులెత్తినా ఇష్టం లేదు."

నా గాజు గదిలో నాకు కళ్లు మండాయి. హాల్లో చిప్స్ పొట్లాల చప్పుడు ఆగిపోయింది.

నానమ్మ నల్ల కళ్లద్దాలు తీసేసింది. మనవరాలి మొహంలోకి చాలాసేపు చూసింది.

"రెండు కళ్లూ బాగుచేశాడు," అంది. "రోజూ ఎదురుగా తిరిగే నువ్వు మాత్రం నాకు కనపడలేదే తల్లీ. ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదు నానమ్మా."

"అడగాల్సింది. మాదే తప్పు. సాయంత్రం ఫోన్ నేనెత్తి చెప్తాను, కుదరదని."

"మరి నా కళ్లజోడు?" అన్నాడు మామయ్య.

"తిరిగిచ్చేయ్."

నాన్న చెయ్యి చాచి కూతురి తల నిమిరాడు, అంతే. అప్పుడామె వెనక్కి వాలి, ముక్కు తుడుచుకుని, కారు నేర్పించే గొంతుతో అంది: "సరే. చేతులన్నీ ఒళ్లో పెట్టుకోండి. ఈలలు లేవు, లెక్కలు లేవు, రైట్‌లు లేవు. నేను 'నొక్కు' అన్నప్పుడు నొక్కాలి. అంతే."

ఏడో చుట్టులో ఆరు దీపాలూ వెలిగాయి. పారాచూట్ విచ్చుకుంది. క్యాప్సూల్ దభీమని నేలకి తగిలినట్టు ఊగి ఆగింది, తలుపు తెరుచుకుంది. హాలంతా చప్పట్లు. మా మేనేజర్ కళ్లు తుడుచుకుంటున్నాడు.

నేను గదిలోంచి బయటికి పరిగెత్తాను. ఎందుకంటే ఈ కుటుంబం ఇప్పుడు ఇంటికి వెళ్లిపోతుంది, నాకు ఆ అమ్మాయి డ్రైవింగ్ స్కూల్ ఎక్కడో కూడా తెలీదు. తలుపు దగ్గరికి చేరేసరికి ఎదురుగా నానమ్మ ఉంది.

"నువ్వేనా అబ్బాయ్, దాని చెవిలో మాట్లాడింది?"

"అవునండీ."

"నీ మాటలు మాకు వినపడలేదు. దాని మాటలు మాత్రం కొన్ని చెవిన పడ్డాయి. గొంతు బావుందంది. ఇంకో చుట్టు తిప్పమంది. మేం సగమే విన్నాం. మిగతా సగం నువ్వు చెప్పు."

నా మొహం మీద ఉద్యోగం నవ్వు ఎటు పోయిందో దొరకలేదు.

"తలుపు తెరవమంటారా అని అడిగానండీ. తాళంచెవి నా దగ్గరే ఉంది."

"ఉందా!" అని మామయ్య మోకాళ్లు పట్టుకున్నాడు.

"వద్దన్నారు. అలా అన్నందుకు నాకు సంతోషమేసింది. తెరిస్తే ఈవిడ వెళ్లిపోతారు కదా. అనాలనుకుని అనలేని మాట కూడా ఒకటుంది." అమ్మాయి వైపు తిరిగాను. "ఆ డాక్టర్‌ని చేసుకోకండి అని. మీరు చెప్పకముందే నాకా మాట గొంతులో ఉంది. మీరంటే నాకు ఇష్టమండీ. పరిచయమై రెండు గంటలే అయింది, తిట్టాలనుకుంటే తిట్టండి. కానీ నిజం."

అత్త ముందు చెయ్యెత్తింది, పన్నెండు కిలోల విశ్వాసంతో. తర్వాత మామయ్య. అమ్మ ఈలతో సహా ఎత్తింది. నాన్న వాచీ చూసుకుని ఎత్తాడు. నానమ్మ రెండు చేతులూ ఎత్తింది, ఒక్కో కంటికి ఒకటట. వెనక క్యూలో ఉన్నవాళ్లంతా ఎత్తారు. మేనేజర్ కూడా. నాదీ ఎప్పుడు లేచిందో చూసుకోలేదు.

ఆమె చేతులు మాత్రం జేబుల్లోనే ఉన్నాయి.

"అందరూ చేతులు దించండి," అంది. దించాం. "ఇప్పుడే కదా ఒప్పుకున్నారు, అడగాలని? అడక్కముందే మళ్లీ మొదలెట్టారు." నా వైపు చూసింది. "ఇక్కడ టీ ఎక్కడ దొరుకుతుంది?"

"పైన క్యాంటీన్‌లో."

"మేమూ వస్తాం," అన్నారు అయిదుగురూ, ఒకే గొంతుతో.

"రారు."

వాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని, మారు మాట్లాడకుండా వెళ్లి వరసగా బల్ల మీద కూర్చున్నారు.

క్యాంటీన్ కిటికీ బయట వాన చినుకులుగా తగ్గింది. రెండు టీలు తెచ్చాను. నాది కొంచెం సాసర్‌లో ఒలికింది. నేనేదో మాట్లాడబోయాను, గురుగ్రహం గురించి కాబోలు, ఆమె ఆగమంది.

"నాకు తెలిసినవాళ్లందరూ నా తరఫున మాట్లాడతారు," అంది. "నువ్వు అడిగావు. ఇష్టమేనా అని. ఇంతవరకు ఎవరూ అడగలేదు. అందుకే అప్పుడు జవాబు రాలేదు, అలవాటు లేక."

మీరు కాస్తా నువ్వు అయిపోయిందని నా చెవులు గమనించాయి.

"ఇప్పుడడుగు."

"నేనంటే ఇష్టమేనా?" నా గొంతు చెవిలో ఎలా ఉంటుందో గానీ, బయట మాత్రం కీచుగానే వచ్చింది.

ఆమె టీ గుక్క తాగింది, తొందరపడలేదు. తర్వాత కప్పు పక్కన పెట్టి, నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టింది. వెచ్చగా ఉన్నాయి.

"ఇష్టమే," అంది. "కానీ కింద చెప్పకు. ఇది నా ఒక్కదానిదే. కాసేపు నా దగ్గరే ఉండనీ."